చలానాలు కట్టేసినా లైసెన్స్ ఆపుతారా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో వేరొకరి క్యాబ్ నడుపుతూ కుటుంబాన్ని పోషించుకుంటున్నాను. క్యాబ్ ఉండే చోటికి నా బైకు మీద వెళ్తాను. హెల్మెట్ లేదని చాలా చలానాలు వచ్చాయి, అన్నీ కట్టేశాను. ఈమధ్య పోలీసులు ఆపి లైసెన్స్ తీసుకున్నారు. దాన్ని ఎందుకు సస్పెండ్ చేయకూడదో చెప్పమని ఇప్పుడు రవాణా శాఖ నోటీసు పంపింది. డబ్బు కట్టిన తప్పుకు మళ్లీ శిక్ష ఏమిటి? సస్పెండ్ చేస్తే కారు కూడా నడపకూడదా? ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే?
– ఒక పాఠకుడు

జవాబు: జరిమానా కడితే కేసు ముగిసిందని చాలామంది అనుకుంటారు. హెల్మెట్ విషయంలో అది నిజం కాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో సెక్షన్ 194డి కింద వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలల అనర్హత కూడా శిక్షలో చేరింది. మీరు కట్టినది అంతకన్నా తక్కువే కావచ్చు. అది కోర్టుకు వెళ్లకుండా తేల్చుకునే రాజీకి రాష్ట్రం నిర్ణయించిన మొత్తం. అలా రాజీ చేసుకున్నా, పోలీసులు పంపిన లైసెన్స్‌పై చర్య ఆగదని సెక్షన్ 200 చెబుతోంది. పైగా కట్టిన పాత చలానాలు కూడా లెక్కలోకి వస్తాయి. సెక్షన్ 19 ప్రకారం మొదటి తప్పుకు మూడు నెలలు, రెండోసారి అయితే ఏకంగా లైసెన్స్ రద్దు. అందుకే ఈ నోటీసును పక్కన పడేయకండి. గడువులోగా రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

సంజాయిషీలో ఏం రాయాలి? మీ వాదన వినకుండా, కారణాలు రాయకుండా అధికారి లైసెన్స్ ఆపడానికి వీల్లేదు. కాబట్టి స్వయంగా హాజరై చెప్పుకునే అవకాశం కోరండి. కెమెరా తీసిన చలానాలన్నీ బండి నంబరు మీద వస్తాయి, నడిపిన మనిషి మీద కాదు. ఆ ఫొటోలన్నీ తెరిచి చూడండి. మీ బావమరిదో, తమ్ముడో నడిపిన రోజులు ఉంటే ఆ మాట రాయండి. మీరే నడిపి ఉంటే మాత్రం కాదనకండి, ఫొటో ముందు అబద్ధం నిలవదు.

మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. లైసెన్స్‌లో ఉన్న అన్ని రకాల వాహనాలకూ అనర్హత విధించవచ్చు, కొన్నిటికే పరిమితం చేయనూ వచ్చు. సెక్షన్ 19లోని మాటలు అందుకు చోటిస్తున్నాయి. తప్పు జరిగింది బైకు మీద, మీ అన్నం కారు మీద. అనర్హతను ద్విచక్ర వాహనానికే పరిమితం చేయమని విడిగా, స్పష్టంగా కోరండి. యజమాని ఇచ్చిన ధ్రువపత్రం, కారుపై మీ పేర చలానాలు లేకపోతే ఆ వివరాలు జతచేయండి. అధికారి ఒప్పుకుని తీరాలన్న నియమం లేదు. కానీ అడగనిదే ఎవరూ ఇవ్వరు. అడగకుండా మూడు నెలల జీవనాధారం పోగొట్టుకున్నవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

లైసెన్స్ తిరిగి చేతికి వచ్చేదాకా మీరు బండి నడపకూడదు. లైసెన్స్ తీసుకున్నప్పుడు పోలీసులు రసీదు ఇవ్వాలి. కానీ హెల్మెట్ తప్పుకు తీసుకున్న లైసెన్స్ తిరిగి వచ్చేవరకు, నడపడానికి ఆ రసీదు అనుమతి కాదని సెక్షన్ 206 చెబుతోంది. రసీదు ఇవ్వకపోయి ఉంటే వెంటనే వెళ్లి అడగండి. ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే, అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు వేయగానే ఉత్తర్వు ఆగిపోయిందని అనుకోవద్దు. స్టే కోసం విడిగా అడగాలి.

ఇక ఆసుపత్రి మాట. సస్పెన్షన్‌లో ఉన్నవారు అత్యవసరంలో నడపవచ్చనే మినహాయింపు చట్టంలో లేదు. 108కి ఫోను చేయండి, పొరుగువారిని పిలవండి. అనర్హత కాలంలో నడిపితే సెక్షన్ 182 కింద మూడు నెలల దాకా జైలు, పదివేల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తెలిసీ మీకు కారు ఇచ్చిన యజమానిపైనా కేసు పెట్టవచ్చు. అంతకన్నా భయపడాల్సింది ప్రమాదానికి. అప్పుడు బీమా కంపెనీ బాధితుడికి చెల్లించి, ఆ మొత్తాన్ని కారు యజమాని నుంచి వసూలు చేసుకునేలా ట్రైబ్యునల్ ఆదేశించవచ్చు. సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో ఈ సూత్రాన్ని వివరంగా చెప్పింది. ఒక్క ట్రిప్పు కోసం ఒక కుటుంబం లక్షల బాకీలో పడటం న్యాయమేనా?

వేరే జిల్లాలోనో, వేరే రాష్ట్రంలోనో కొత్త లైసెన్స్ తీసుకోవచ్చని చెప్పే ఏజెంట్ల మాట వినకండి. అనర్హత ఉన్నవారు ఎక్కడా లైసెన్స్ పొందకూడదు. ఈలోగా రాకపోకలకు సైకిలు తొక్కవచ్చు. 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు మించని బ్యాటరీ బండికి లైసెన్స్ అక్కర్లేదు, అయితే కొనేముందు ఆ పరిమితులను ధ్రువీకరించే పత్రం చూడండి.

సస్పెన్షన్ పడితే, గడువు ముగిసినంత మాత్రాన లైసెన్స్ చేతికి రాదు. డ్రైవర్ రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేయాలి. చాలామంది ఇది చివరి వారంలో తెలుసుకుని మరికొన్నాళ్లు ఇంట్లో కూర్చుంటారు. ఉత్తర్వు అందిన వారంలోనే ఆ శిక్షణ ఎక్కడ ఇస్తారో రవాణా కార్యాలయంలో అడిగి పేరు నమోదు చేయించుకోండి.