ముందు నాన్నగారికి జబ్బు పేరు చెప్పండి

నాన్నగారికి 71 ఏళ్లు, ఏఎంఎల్ (ఒక రకం బ్లడ్ క్యాన్సర్) అని తేలింది, పెద్ద కీమోనా లేక అజాసైటిడిన్, వెనెటోక్లాక్సా తేలట్లేదు, అన్నయ్య పెద్ద కీమోనే అంటున్నారు, నాన్నకి జబ్బు పేరు కూడా చెప్పలేదు అని రాశారు. ఆ చివరి మాట చదివి నా మనసు చివుక్కుమంది.

2022లో ఇదే జబ్బు వచ్చినప్పుడు మా నాన్నకి 69. మేమూ "రక్తం తగ్గింది" అనే చెప్పాం. వారం రోజులు నేనూ తమ్ముడూ వార్డు బయట వాదించుకోవడం, లోపలికెళ్లగానే మామూలుగా ఉన్నట్టు నటించడం. ఒక రాత్రి ఆయనే "క్యాన్సరేనా?" అన్నారు. పక్క మంచం వాళ్ల మాటల్లో అర్థమైపోయిందట. ఏడవలేదు. "ఎన్నాళ్లుండాలి ఇక్కడ? కౌలు లెక్కలు చూసుకోడానికి ఊరెళ్లనిస్తారా?" అని అడిగారు. మా వాదన అక్కడితో ఆగిపోయింది.

పెద్ద కీమో అంటే ఏడు రోజులు సైటరాబిన్, మొదటి మూడు రోజులు డౌనోరూబిసిన్, ఆ తర్వాత కౌంట్స్ (రక్తకణాల సంఖ్య) లేచేదాకా దాదాపు నెల హాస్పిటల్లోనే. రెండోదైతే 28 రోజులకోసారి ఏడు అజాసైటిడిన్ ఇంజెక్షన్లు, వెనెటోక్లాక్స్ మాత్రలు ఇంట్లో. ఇది అదుపు చేయడానికే తప్ప పూర్తిగా నయమవుతుందని ఆశ పెట్టుకోవద్దని మా డాక్టర్ ముందే చెప్పారు. 75 దాటినవాళ్లు, పెద్ద కీమో తట్టుకోలేనివాళ్ల మీద చేసి 2020లో ప్రచురించిన ట్రయల్‌లో అజాసైటిడిన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో సగం మంది 9.6 నెలలు దాటితే, దానికి వెనెటోక్లాక్స్ కూడా కలిపి తీసుకున్నవాళ్లలో సగం మంది 14.7 నెలలు దాటారు. అంతే తేడా. అన్నయ్యకి ఈ అంకెలు చూపించండి, మీ నాన్నగారి గుండె, కిడ్నీలు దేన్ని తట్టుకుంటాయో డాక్టర్‌ని ఆయన ఎదుటే అడగండి.

అలాగని రెండోది తేలిక మందేం కాదు, కౌంట్స్ ఇందులోనూ పడిపోతాయి. జ్వరం 100.4 తాకితే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడకండి, అర్ధరాత్రయినా వెళ్లిపోండి. ఫంగస్ రాకుండా వొరికొనజోల్ లాంటిది ఇస్తే వెనెటోక్లాక్స్ 400 నుంచి 100 మిల్లీగ్రాములకి తగ్గించాలి. మా చీటీలో అది రాయడం మర్చిపోయారు, అనుమానమొచ్చి ఫోన్ చేశాను కాబట్టి సరిపోయింది.

ఈ రెండో మందుతోనే నాన్న 13 నెలలున్నారు. రెండు పంటల కౌలు లెక్కలు ఆయనే చూసుకున్నారు, మధ్యలో మూడుసార్లు అడ్మిట్ చేయాల్సి వచ్చినా.

ఏ మందైనా ప్లేట్‌లెట్స్ అవసరం పడుతుంది. ఎస్‌డీపీ (ఒకే దాత నుంచి మెషిన్‌తో తీసే ప్లేట్‌లెట్స్) ఇచ్చేవాళ్లని ఇప్పుడే నలుగురైదుగురిని అడిగి పెట్టుకోండి, ఒకసారి ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే కనీసం 48 గంటలు ఆగాలి.