హనుమకొండలో టీవీ, నెట్: కలిపి వద్దు, వేరుగా తీసుకో
తమ్ముడూ, కొత్తింటికి టీవీ, నెట్ ఒకే కంపెనీలో తీసుకోవాలా, వేర్వేరుగానా అని అడిగావు. అమ్మానాన్నలకు పొద్దస్తమానం టీవీ ఉండాలన్నావు కాబట్టి వేరుగానే తీసుకో. రెండూ ఒకే ఫైబర్ మీదుంటే, వైరు తెగితే రెండూ పోతాయి. మన దగ్గర కోతులు వైర్లు పట్టుకుని ఊగడం రోజూ చూసేదే. టీవీకి డిష్ పెట్టించు. పెద్ద వానలో కాసేపు సిగ్నల్ పోయినా, తగ్గాక దానంతటదే వస్తుంది.

నెట్‌కు మాత్రం కంపెనీ పేరు కన్నా మీ గల్లీకి వచ్చే లైన్‌మన్ ముఖ్యం. మోడెంపై ‘ఎల్ఓఎస్’ దగ్గర ఎర్ర లైటు వెలిగితే, అంటే వైర్లో సిగ్నల్ రాకపోతే, ఎన్ని గంటల్లో వచ్చి వైరు అతుకుతాడో పక్కింటివాళ్లను అడుగు. ప్లాన్ రేటు మీద 18 శాతం జీఎస్టీ కూడా లెక్కేసుకో. ఆరు నెలల డబ్బు ముందే కట్టకు, మొదట ఒక్క నెల చూడు.