మాస్టారి మిసెస్‌గా కాకినాడ వెళ్లాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్, నిజాంపేటలో సొంత ఫ్లాట్. లోన్ ఇంకా ఉంది. నాకు 39 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో లీడ్‌ని, వారానికి రెండు రోజులు ఆఫీసుకి వెళ్లాలి. మావారు పదమూడేళ్లుగా ఇక్కడ ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నారు. ఇప్పుడు కాకినాడలో యూనివర్సిటీలో రెగ్యులర్ పోస్టు వచ్చింది. అత్తమామలు రామచంద్రపురం దగ్గర పల్లెలో ఉంటారు. ఆర్డరు వచ్చిన సాయంత్రమే వాళ్లకి ఫోన్ చేసి "జూన్‌కల్లా అందరం వచ్చేస్తున్నాం" అని చెప్పేశారు, నన్ను ఒక్క మాట అడగలేదు. పాప ఎనిమిదో తరగతి, బాబు రెండు. పాప "నన్నెవరైనా అడిగారా" అని తలుపేసుకుంది, సరిగా మాట్లాడటం లేదు. మా అమ్మ ఇక్కడే తమ్ముడి దగ్గర ఉంటుంది. నేను వద్దంటే స్వార్థమా? ఒక ఏడాది నేనూ పిల్లలూ ఇక్కడే ఉండి, ఆయన శని ఆదివారాలు వచ్చి వెళ్తుంటే కుదరదా? ఆ చిన్న ఊళ్లో పిల్లల చదువులు ఏమవుతాయో అని నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కాకినాడ గురించి మీరు రాసింది "చిన్న ఊరు" అన్న రెండు ముక్కలే. మిగతా బాధంతా ఆ సాయంత్రం ఫోన్ దగ్గరే ఆగిపోయి ఉంది. కాబట్టి ముందు ఫోన్ సంగతి మాట్లాడుకుందాం, ఊరి సంగతి తర్వాత.

ఆయన చేసింది తప్పే. కానీ ఎందుకు చేశారో నాకు అర్థమవుతుంది. పదమూడేళ్లు ప్రైవేటు కాలేజీలో పనిచేసిన మనిషికి, వేసవి వస్తే అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగమనే యాజమాన్యాలు, నెల దాటినా పడని జీతాలు అంటే ఏంటో తెలుసు (మీవారి కాలేజీ ఎలాంటిదో నాకు తెలియదు, చాలామంది లెక్చరర్లు నాతో చెప్పుకున్న గోడు ఇది). నలభై దాటాక రెగ్యులర్ పోస్టు వచ్చిందంటే కాళ్లు నేల మీద నిలవవు, అమ్మకి ఫోన్ కొట్టేస్తాడు ఎవడైనా. అయితే "నాకు ఉద్యోగం వచ్చిందమ్మా" అనడం వేరు, "అందరం వచ్చేస్తున్నాం" అనడం వేరు. ఆ రెండో మాటలో మీ ఉద్యోగం ఉంది, మీ ఇల్లు ఉంది, పాప స్నేహితులున్నారు. అవి ఆయన ఒక్కరే ఇచ్చేయగలిగినవి కావు.

ఇది ఆయనతో చెప్పండి, కానీ సంతోషాన్నీ కోపాన్నీ ఒకే రోజు కలిపి వడ్డించకండి. ముందు ఒక సాయంత్రం ఆ ఉద్యోగానికి నిజంగా సంబరపడండి, మీ ఉత్తరంలో ఆ సంబరం ఎక్కడా కనపడలేదు, బహుశా ఆయనకీ కనపడి ఉండదు. రెండు మూడు రోజులాగి, "జూన్ అని మీ అమ్మగారికి మీరే చెప్పారు కాబట్టి, ఇంకా ఏమీ తేలలేదని కూడా మీరే చెప్పండి" అనండి. ఆ ఫోన్ ఆయనే చెయ్యాలి. మీరు చేస్తే పెద్దావిడ చెవిలో "కోడలు రానంటోంది" అనే పడుతుంది.

ఇక మీరు రాయకుండా దాచిన మాట నేను అనేస్తాను, తప్పయితే క్షమించండి. మీ భయం కాకినాడ కాదు, రామచంద్రపురం. నిజాంపేటలో మీరు ఒక ఉద్యోగస్తురాలు, తలుపేసుకుంటే మీ ఇల్లు మీది. కోడలి పాత్ర సంక్రాంతికి మూడు రోజులు, వేసవిలో ఓ వారం. కాకినాడ వచ్చారంటే అత్తగారి ఊరు గంట లోపు ప్రయాణం, ఆదివారం వెళ్లకపోతే "ఏం, రాలేదేం?" అన్న ఫోన్ వస్తుంది. డాక్టరుకి చూపించుకోవాలన్నా, పెళ్లికి బట్టలూ బంగారం కొనాలన్నా ఆ చుట్టుపక్కల వాళ్లందరూ వచ్చేది కాకినాడకే, సరిగ్గా భోజనాల వేళకి మీ ఇంటి బెల్లు కొడతారు. మీరు ఆఫీసు కాల్‌లో ఉంటారు. "ఇంట్లోనే ఉందిగా!" అంటారు. ఇంట్లో కూర్చుని చేసే పని పనేనని మన గోదావరి వాళ్లకి నమ్మకం కుదరడానికి ఇంకా కొన్నేళ్లు పట్టేట్టుంది. దానికి తోడు అక్కడ మీరు లీడ్ కాదు, "మాస్టారి మిసెస్". ఆ పిలుపులో గౌరవం ఉంది, కాదనను, కానీ అందులో మీ పేరు లేదు.

ఇది నాకెలా తెలుసంటే, ఇరవై ఏళ్ల కిందట నేనూ హైదరాబాద్ వదిలి మావారి ఉద్యోగం వెంట గోదావరి గట్టుకి వచ్చినదాన్నే. అడిగారు, కాదనలేదు, "సరే" అన్నాను, కానీ ఆ సరేలో సరే లేదు. నాలుగు అట్టపెట్టెల నిండా నా పుస్తకాలు కట్టి తెచ్చుకుని పదకొండు నెలలు విప్పలేదు, ఎలాగూ వెనక్కి పోతాం కదా అని. రెండో వానాకాలంలో విప్పి చూస్తే అడుగు పెట్టెకి చెద పట్టింది. మా అత్తగారు ఒక్క మాటా అనకుండా పక్కన కూర్చుని మిగిలినవి ఒక్కొక్కటే ఎండలో ఆరబెట్టింది. ఆవిడతో నా స్నేహం ఆ రోజే మొదలైంది, అప్పటిదాకా ఆవిడ నాకు ఒక గొంతు మాత్రమే. మీ అత్తగారు కూడా అలాంటివారే అని చెప్పడానికి ఇది రాయలేదు, ఆవిడెలాంటివారో మీకే తెలుసు.

కాబట్టి హద్దులు ముందే పెట్టుకోండి. మూడు గదుల ఇల్లు తీసుకుని తలుపున్న ఒక గది మీ ఆఫీసు చేసుకోండి, హాల్లో మూల బల్ల వేసుకుంటే ఆ ఉద్యోగం ఆర్నెల్లు నిలవదు. "పగలు ఆవిడ డ్యూటీలో ఉంటుంది, సాయంత్రం ఆరు దాటాక రండి" అని చుట్టాలకి చెప్పాల్సింది ఆయన. ఆదివారాల్లో ఒకటి పల్లెకి, ఒకటి మీకు. ఇవన్నీ బయల్దేరకముందే ఆయన ఒప్పుకోవాలి. అక్కడికెళ్లాక చూసుకుందాం అంటే అక్కడికెళ్లాక ఎవరూ చూసుకోరు.

మీ ఉద్యోగం మాటకొస్తే నేను కొంచెం కఠినంగా ఉంటాను. ముందుగా రాజీనామా చెయ్యకండి. మీ స్థాయి టెస్టింగ్ ఉద్యోగం కాకినాడలో దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి కూడా. వారానికి రెండు రోజులు హైదరాబాద్ ఆఫీసుకి వెళ్లడం అయ్యే పని కాదు, దాదాపు ఐదొందల కిలోమీటర్లు. రాత్రి గౌతమి ఎక్కి పొద్దున్నే దిగొచ్చు నిజమే, కానీ ప్రతి వారం రెండు రాత్రులు రైల్లో గడిపితే నడుము ఉండదు. అందుకని ఆఫీసులో అడగాల్సింది వేరే: నెలకి ఒకసారి వచ్చి వరసగా నాలుగైదు రోజులు ఉంటాను, మిగతాది ఇంటి నుంచి. అది మెయిల్‌లో రాతపూర్వకంగా రావాలి, మేనేజర్ క్యాంటీన్‌లో "పర్లేదు, చూద్దాం" అంటే కుదరదు, మేనేజర్లు మారిపోతారు. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటాయి, మీ తేదీలు ముందే తెలిస్తే ఇబ్బంది లేదు, ఒక్క సంక్రాంతి ముందు వెనకల తప్ప. ఒకవేళ ఆఫీసు ఒప్పుకోకపోతే, ఇద్దరూ కూర్చుని ఒక్క జీతంతో లోన్, రెండు ఫీజులు, అక్కడి అద్దె లెక్కేయండి. లెక్క తేలకపోతే నా సలహా కూడా మారిపోతుంది.

ఇప్పుడు చదువులు. ఈ విషయంలో మీ భయానికి ఆధారం తక్కువ, కానీ మీరు అసలు తలవని చిక్కు ఒకటి ఉంది.

కాకినాడ చదువుల ఊరే. పీఆర్ కాలేజీ పంతొమ్మిదో శతాబ్దం నాటిది. ఇంజినీరింగ్ కాలేజీ 1946లో మొదలై 2008లో జేఎన్‌టీయూ కాకినాడగా యూనివర్సిటీ అయింది. రంగరాయ మెడికల్ కాలేజీ 1958 నుంచి ఉంది. హైదరాబాద్‌లో పిల్లల్ని నలిపేసే ఆ కార్పొరేట్ కాలేజీల బ్రాంచీలు ఇక్కడా ఉన్నాయి, కాబట్టి ఆ టెన్షన్ కూడా మీరేమీ మిస్ కారు. తక్కువయ్యేది ఎంపిక: నాటకాలు, రకరకాల ఆటల కోచింగులు, మెట్రో ఎక్కి స్నేహితులతో తిరిగే స్వేచ్ఛ. పాపకి అది తగులుతుంది. బాబుకేమీ కాదు, మూడు నెలల్లో "ఆయ్" అనడం మొదలెడతాడు, మీరే నవ్వుకుంటారు.

చిక్కు ఏమిటంటే లోకల్, నాన్‌లోకల్. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్, మెడికల్ లాంటి కన్వీనర్ సీట్లలో (అంటే ర్యాంకుని బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి) 85 శాతం స్థానికులకే. స్థానికులు అనిపించుకోవడానికి ఇంటర్ రెండో ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. మీ పాప ఈ జూన్‌లో తొమ్మిదిలో కాకినాడలో చేరితే సరిగ్గా నాలుగేళ్లు సరిపోతాయి. అదే మీరన్నట్టు ఒక ఏడాది ఆగి పదిలో తెచ్చారనుకోండి, అక్కడ మూడేళ్లే అవుతాయి, ఇటు తెలంగాణ కూడా చివరి నాలుగేళ్ల మీదే పట్టు బిగించింది, పిల్ల రెండింటికీ చెందకుండా మధ్యలో పడే ప్రమాదం ఉంది. నాన్న యూనివర్సిటీ ఉద్యోగి కాబట్టి మిగతా 15 శాతంలో పోటీపడే దారి ఉంటుంది, అయినా ఎనభై ఐదు వదులుకుని పదిహేను పట్టుకోవడం ఎందుకు? ఎన్ఐటీల్లో లెక్క వేరు, అక్కడ సొంత రాష్ట్రం కోటాకి పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారన్నదే చూస్తారు, తాడేపల్లిగూడెంలో ఉన్న ఎన్ఐటీకి కూడా అంతే. ఈ రూల్సు మారుతూ ఉంటాయి కాబట్టి ఆ యేటి నోటిఫికేషన్ చదువుకోండి, స్టడీ సర్టిఫికెట్లు ఇప్పటి నుంచే ఒక ఫైల్లో పెట్టండి.

అందుకే "ఒక ఏడాది చూద్దాం" అన్న మీ ఆలోచన, వినడానికి అన్నిటికంటే నెమ్మదిగా అనిపించేదే, ఉన్న దారుల్లోకి పాపకి అన్నిటికంటే నష్టమైనది. ఈ జూన్‌లో రావాలి, లేదంటే దాని ఇంటర్ అయ్యేదాకా, నాలుగేళ్లూ హైదరాబాద్‌లోనే ఉండాలి. నాలుగేళ్లు రెండు కాపురాలంటే ఆయన శనివారం పొద్దున్న నిద్రకళ్లతో దిగి ఆదివారం రాత్రి మళ్లీ స్టేషన్‌కి పరిగెత్తడం. చేసేవాళ్లున్నారు. మధ్యలో ఆడపిల్ల పద్నాలుగు నుంచి పద్దెనిమిదికి ఎదిగిపోతుంది, ఆయన చుట్టపుచూపు నాన్న అవుతాడు. నేనైతే ఆఫీసు ఒప్పుకుంటే జూన్‌లోనే రమ్మంటాను. అప్పటిదాకా ఆయన ముందు వచ్చి గది తీసుకుని ఉండొచ్చు, దానికి ముగింపు తేదీ ఉంది కాబట్టి ఎవరికీ కష్టం కాదు.

ఫ్లాటు మాత్రం అమ్మకండి. ఆయన ప్రొబేషన్ అయ్యేదాకా అద్దెకివ్వండి, ఎవరెంత చెప్పినా, ముఖ్యంగా "కాకినాడలో స్థలం చవగ్గా వస్తోంది" అనే బావగార్లు చెప్పినా సరే. కారు తెచ్చుకుంటే ఏడాది లోపు ఇక్కడి నంబరుకి మార్చుకోవాలి, దానికి అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోండి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ పడుతుంది.

ఊరు చూడటం గురించి ఒక మాట. సంక్రాంతికి చూసిన గోదావరి జిల్లాలని నమ్మి ఎవరూ కాపురం పెట్టకూడదు. అప్పుడు చలిగాలి, కొత్త బియ్యం, గుమ్మం నిండా జనం, ఊరంతా పెళ్లివారి ఇల్లులా ఉంటుంది. మీరు మే నెలలో రండి. హైదరాబాద్ ఎండ వేరు, పీఠభూమి ఎండ, నీడలోకి వస్తే తెరిపి ఉంటుంది. ఇక్కడ సముద్రం పక్కన ఉక్కపోత, స్నానం చేసి తువ్వాలు ఆరేసేలోపే మళ్లీ చెమట. డెల్టా కాలవలు కట్టేసే రోజులవి, కుళాయి నీళ్లు ఎలా వస్తున్నాయో అప్పుడే తెలుస్తుంది. అద్దె ఇల్లు చూసేటప్పుడు ఓనర్ని కాదు, వీధి చివర కిళ్లీ కొట్టతన్ని అడగండి, వానాకాలం ఈ రోడ్డు మీద నీళ్లు ఎంతవరకు నిలుస్తాయని. తుపాను రోజుల్లో కరెంటు పోతుంది, ఇన్వర్టరూ రెండు నెట్ కనెక్షన్లూ మీ ఉద్యోగానికి తప్పవు. ఇవన్నీ చూశాక కూడా సాయంత్రం బీచ్ రోడ్డులో గాలి తగిలి మీకు "పర్లేదు" అనిపిస్తే, ఆ పర్లేదుని నమ్మొచ్చు.

పాపని వెంట తెండి. అది "నన్నెవరైనా అడిగారా" అంది కదా, సరిగ్గా మీరు నాకు రాసిన మాటే అది. ఆయన మీకు చేసిందే మీరిద్దరూ కలిసి దానికి చేశారు. వెళ్లాలా వద్దా అన్నది పదమూడేళ్ల పిల్ల చేతిలో పెట్టమనడం లేదు, అది పెద్దవాళ్ల భారం. కానీ రెండు మూడు స్కూళ్లు మీరు వడకట్టి, అందులో ఏదో దాన్ని తేల్చనివ్వండి. ఏ గది తనదో, సెలవుల్లో ఎన్ని రోజులు నిజాంపేట వెళ్లి స్నేహితురాళ్లతో ఉండాలో దాన్నే చెప్పమనండి, చెప్పింది చెయ్యండి. మొదటి ఏడాది ఏడుస్తుంది. ఏడవనివ్వండి, "ఇక్కడ ఎంత బావుందో చూడు" అని వెంటపడకండి.

చివరికి మీ అమ్మగారు. అంత పెద్ద ఉత్తరంలో ఆవిడకి ఒక్క వాక్యం ఇచ్చారు, అది చదివి నేను కాసేపు ఆగాను. ఆయన తల్లికి దగ్గరవుతున్నారంటే మీరు మీ తల్లికి దూరమవుతున్నారు, ఈ లెక్క మీ ఇంట్లో ఇంతవరకు ఎవరూ పైకి అనలేదనుకుంటాను. నెలకోసారి ఆఫీసు పని మీద వచ్చినప్పుడు ఆ నాలుగు రాత్రులూ అమ్మ దగ్గరే ఉంటానని ఆయనకీ తమ్ముడికీ ఇప్పుడే చెప్పండి. ఈ విషయం ఆవిడకి మీరింకా చెప్పి ఉండరు. ఈ ఆదివారం వెళ్లి చెప్పండి, ఫోన్‌లో వద్దు. మీ అత్తగారికి తెలిసి ఇన్ని రోజులైంది.