కువైట్ వెళ్లే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

వీసా వచ్చిందని మీ అమ్మ ఫోను చేసింది. చాలా సంతోషం. జీతం, గది అద్దె సంగతులు నువ్వే విచారించుకుని ఉంటావు. నువ్వు వెళ్లే దేశం దేని మీద నిలబడి ఉందో కూడా తెలుసుకుని విమానం ఎక్కు.

1990 ఆగస్టు 2 తెల్లవారుజామున, నేను అక్కడ పనిచేస్తుండగా, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి చొరబడింది. దేశాన్ని ఏలే అమీర్ సౌదీ వెళ్లిపోయారు. బుర్గాన్ బావుల చమురు గానీ, విదేశాల్లోని పెట్టుబడులు గానీ ట్యాంకులను ఆపలేదు. నా దగ్గర నాలుగు నెలల జీతం దినార్లలో ఉంది. బస్సుల్లో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరాక, డబ్బు మార్చే కొట్టతను ఆ నోట్లను అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ నా చేతిలోనే పెట్టాడు. ఆ క్షణం ఇప్పటికీ మరిచిపోలేను.

పక్కన ఇరాక్, సౌదీ, గల్ఫ్‌కు అవతల ఇరాన్. అంత చిన్న దేశానికి పెద్దల అండ తప్పదు. 1899 నుంచి బ్రిటన్ అండ ఉండేది. 1961లో స్వాతంత్ర్యం రాగానే ఇరాక్ ఆ దేశం తనదేనంటే, బ్రిటిష్ సైన్యమే మళ్లీ దిగింది. 1991లో అమెరికా, మిత్రదేశాలు విడిపించాక అమెరికాతో రక్షణ ఒప్పందం కుదిరింది.

అందరూ ఈ అండనే చూస్తారు. నాకు మాత్రం ఇంకొకటి, పాలకులకూ ప్రజలకూ మధ్య ఉన్న మాట, పెద్దదిగా కనిపిస్తుంది. ఆక్రమించాక ఇరాక్ అధ్యక్షుడు సద్దాం అక్కడ తన మాట వినే ప్రభుత్వం కోసం వెతికితే, అమీర్‌తో పోరాడుతున్న ప్రతిపక్షం వారు కూడా కలిసిరాలేదు. 1990 అక్టోబరులో సౌదీలోని జెద్దాలో రాజకుటుంబంతో కూర్చుని, విముక్తి తర్వాత రాజ్యాంగాన్ని నిలబెడతామన్న మాట తీసుకున్నారు. 1992లో ఎన్నికలు జరిగాయి. కాపాడవచ్చినవారికి ఎవరిని తిరిగి కూర్చోబెట్టాలన్న సందేహమే రాలేదు.

అందుకే 2024 మేలో అమీర్ మిషాల్ పార్లమెంటును రద్దు చేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణలను నాలుగేళ్ల వరకు పక్కన పెట్టడం నన్ను కలవరపెడుతోంది. కంచె ఎంత గట్టిదైనా వేరు ఎండకూడదు కదా. అక్కడి వార్తల్లో సైనిక స్థావరాల సంగతి కంటే ఈ సంగతే ఎక్కువ గమనించు. గమనించు గానీ నోరు మెదపకు. అమీర్‌ను విమర్శించడం అక్కడ నేరం, ఫోనులో పంపే సందేశమైనా సరే.

మిగిలిన డబ్బు ఏ నెలకు ఆ నెల ఇంటికి పంపు. పాస్‌పోర్టు ఎవరికీ అప్పగించకు, నకలు మీ అమ్మ దగ్గర ఉంచు. నాది అప్పటి యజమాని బీరువాలో ఉండిపోయింది. జోర్డాన్ సరిహద్దులో, మండుటెండలో, నేనెవరో నిరూపించుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ఇట్లు,
మీ మామయ్య