ఆరనివ్వు, అమ్మలూ

అమ్మలూ,

ఆశీస్సులు. చంటాడు పడుకున్నాక బొమ్మలు వేసుకుంటావనీ, బోర్డులూ రంగులూ అప్పుడే కొనేశావనీ మీ అమ్మ చెప్పింది. రంగు మీద కాగితం, దాని మీద గుడ్డ, గుడ్డ మీద మళ్లీ రంగు, అదే మిక్స్‌డ్ మీడియా అట కదా. చాలా సంతోషం వేసింది. ఆ వెంటనే, ఆ గదిలోనే దేవుడి మందిరం ఉందని గుర్తొచ్చి గుండె దడదడలాడింది. అందుకే ముందు ఆ సంగతి.

ఎప్పుడైనా ఆయిల్ రంగుల జోలికి వెళ్తే, లిన్సీడ్ (అవిసె) నూనె అంటిన గుడ్డని ఉండచుట్టి మూల పడేయకు. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని ఆరుతుంది, ఆరేటప్పుడు వేడి పుడుతుంది. పరిచిన గుడ్డలో ఆ వేడి గాలికి పోతుంది. చెత్తబుట్టలో కుక్కితే లోపలే పెరిగి, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకోవచ్చు. ఒక్కొక్క గుడ్డా ఆరుబయట పరిచి, బిరుసెక్కాక పారెయ్యి. లేదా నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టు. ఆయిల్ రంగుల్ని పలచన చేసే టర్పెంటైన్ సీసా దీపం వెలిగే గదిలో ఉండనే కూడదు. నా మాట వింటే ఈ ఏడాదికి నీళ్లతో కలుపుకునే అక్రిలిక్ రంగులతోనే కానివ్వు. చంటాడున్న ఇంట్లో ఆ వాసనలెందుకు? గాజులా గట్టిపడే ఎపాక్సీ రెజిన్ అయితే అసలే వద్దు.

కుంచెలు కడిగే గ్లాసు వంటింటిది కాకూడదు. ఆ నీళ్లు సింకులో పారబోయకు, బకెట్లో తేరనిచ్చి అడుగున దిగిన మడ్డిని కాగితంలో ఎత్తి పారెయ్యి.

ఇక బోర్డు. కాగితాలూ గుడ్డలూ అంటించేదానికి కాన్వాసు కంటే పలకే నయం, బరువుకి కుంగదు. 12 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్., అంటే చెక్క పొట్టు అదిమి చేసిన పలక, తీసుకుని కొట్లోనే కోయించు. ఆ పొట్టు ఇంట్లో రేగకూడదు. ముందు గ్లాసీ అక్రిలిక్ మీడియం, అంటే రంగు లేని మెరిసే పూత, రెండుసార్లు వెయ్యి, లేకపోతే చెక్కలోని గోధుమ రంగు కొన్నాళ్లకి తెల్లటి చోట్ల పైకి ఊరుతుంది. దాని మీద రంగుకి పట్టునిచ్చే తెల్ల పూత, జెస్సో, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. వెనక వైపూ పూయాలి సుమా. ముందొక్కటే పూస్తే వానాకాలంలో వెనక నుంచి చెమ్మ పీల్చి పలక వంగిపోతుంది. 220 నంబరు గరుకు కాగితాన్ని తడిపి రుద్దు, పొడి లేవదు.

అసలు చెప్పదలుచుకున్నది ఇప్పుడు. హెయిర్ డ్రయర్ కూడా పక్కన సిద్ధంగా పెట్టుకున్నావట! ఎందుకే అంత తొందర? మిక్స్‌డ్ మీడియా బొమ్మ పాడయ్యేది రంగు ఎంపికలో కాదు. కింది పొర ఆరిందనుకుని పై పొర వేసేయడంలో. అక్రిలిక్‌లో నీళ్లు ఆవిరైతేనే అందులోని రెజిన్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొరవుతాయి. పలచటి పూత పావుగంటలో చేతికి అంటడం మానేస్తుంది. కానీ మందంగా పూసిన చోట ముందు పైన తోలు కట్టేస్తుంది, లోపల నీరు అలాగే ఉంటుంది. డ్రయర్ వేడి పెడితే ఆ తోలు ఇంకా తొందరగా బిగుసుకుంటుంది. తర్వాత లోపలి నీరు మెల్లగా పోతున్నకొద్దీ కింది భాగం కుంచించుకుపోయి, పైన ఎండిన చెరువులో మట్టిలా నెర్రెలిస్తుంది. బొమ్మలో ఎత్తు తేవడానికి పూసే ముద్ద, మోడలింగ్ పేస్టుతో ఎక్కువగా జరిగేది ఇదే. ఒక్కసారికి 3 మిల్లీమీటర్లకి మించి వేయకు. ఇంకా ఎత్తు కావాలంటే రాత్రంతా ఆరనిచ్చి మరో పొర. శ్రావణ భాద్రపదాల్లో అయితే రెండు మూడు రోజులు ఆగు. ఫ్యాను గాలి తగిలితే చాలు, వేడి అక్కర్లేదు.

ఆరిందో లేదో కంటితో చూసి చెప్పలేం. అరచేయి వెనక వైపు బొమ్మకి ఆనించి చూడు. పక్కనున్న ఉత్త చెక్క కంటే చల్లగా తగిలితే లోపల నుంచి నీరు ఇంకా పోతూనే ఉందన్నమాట. అంచున ఒక మూల గోరుతో నొక్కు, గుంట పడితే ఆగు. మ్యాట్ మీడియం, అంటే మెరవని రంగులేని పూత, పూసిన చోట పాలు చల్లినట్టు తెల్లగా కనిపిస్తే కంగారుపడి మరో పూత వేయకు. ఆ తెలుపు చాలాసార్లు నీరే, ఆరాక పోతుంది. పైన మూసేశావో, చాలాకాలం వదలదు.

తెలంగాణలో పటాల బొమ్మలు వేసే చేర్యాల నకాషీ వాళ్ల పద్ధతి చూడు. ఖద్దరు గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూత మీద పూత వేస్తారు, ఒకటి ఆరాకే రెండోది. ఆ నేల కుదిరాకే కుంచె ముట్టుకుంటారు. చింతగింజల జిగురు నువ్వూ కాచుకోవచ్చు కానీ ఎండాకాలంలో చెయ్యి. ముసురులో బూజు పడుతుంది.

ఆయిల్ మీద అక్రిలిక్ వేయకూడదు, పట్టు దొరక్క పెచ్చులుగా లేస్తుంది. బాగా ఆరిన అక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు.

కాగితాలు అంటించడానికి చెక్కపని తెల్ల జిగురు వాడకు, ఆరినా తడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. మ్యాట్ మీడియం కింద ఒక పూత, కాగితం, పైన ఒక పూత. పాత ఏటీఎం కార్డుతో మధ్య నుంచి అంచులకి నెట్టి గాలి బుడగలు తీసెయ్యి. న్యూస్ పేపరు పచ్చబడిపోతుంది, దాని జిరాక్స్ తీసి వాడు. ఇంక్‌జెట్ ప్రింటు వద్దు, తడికి సిరా పాకుతుంది. గాలిపటాల కాగితం ఎంత ముద్దొచ్చినా సరే, దాని రంగు దిగి పక్కనున్న తెలుపంతా గులాబీ చేసేస్తుంది. ముందు చిన్న ముక్క తడిపి తెల్ల గుడ్డకి అద్ది చూడు.

పసుపూ కుంకుమా చల్లుతానన్నావట. పసుపు వెలుతురుకి నిలవదు, కిటికీ ఎదురుగా పెడితే వెలిసిపోతుంది. పైగా అక్రిలిక్‌లో కాస్త క్షారగుణం ఉంటుంది, సున్నం తగిలినట్టు పసుపు ఎర్రబారినా ఆశ్చర్యపోకు. ఆ రంగు కావాలంటే ఎల్లో ఆక్సైడ్ కొనుక్కో. కందిపప్పూ బియ్యమూ అంటించకు, పురుగు పడుతుంది. రావి ఆకులైతే పుస్తకం బరువు కింద రెండు వారాలు నొక్కి, రెండు వైపులా మీడియం పూసి అంటించు.

ఎండల్లో అక్రిలిక్ మెత్తబడుతుంది, బొమ్మల్ని ముఖానికి ముఖం ఆనించి పేర్చకు. నిలబెట్టి, మధ్యన సందు వదులు.

వార్నిష్‌కి కనీసం రెండు వారాలాగు, మందం ఉంటే నెల. స్ప్రే అయితే బాల్కనీలోనే, మాస్కు పెట్టుకుని, చంటాడు పక్కన లేనప్పుడు. వేసేముందు నాకొక ఫొటో పంపు. ఎదురుగా ఫ్లాష్ కొట్టి కాదు, లైటు పక్కనుంచి పడేలా పెట్టి తియ్యి. ఎక్కడ పొగబారి ఉందో, ఏ అంచు లేచిందో అప్పుడే కనబడుతుంది.

మీ అత్త