దవడలో పశువు ఎముక పొడి పెడితే జబ్బులొస్తాయా?

ప్రశ్న: మాది నర్సంపేట. వయసు 52, షుగర్ ఉంది. పన్ను తీయించి రెండేళ్లయింది. ఇంప్లాంట్ (దవడలో బిగించే కృత్రిమ పన్ను) వేయాలంటే దవడ ఎముక అరిగిపోయింది, ముందు గ్రాఫ్ట్ (అరిగిన చోట నింపే ఎముక పొడి) పెట్టాలని హన్మకొండలో డెంటిస్ట్ చెప్పారు. అది ఆవు బొక్కల పొడి అని తర్వాత తెలిసింది. జబ్బులేమన్నా అంటుకుంటాయా? ఇంట్లో పట్టింపు కూడా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు జబ్బుల టెన్షన్ సంగతి. ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజమే. మిగతాది కొల్లాజెన్ అనే ప్రోటీన్, నీరు, కణాలు. మన ఒళ్లు ముఖ్యంగా తిరగబడేది పరాయి కణాలు, ప్రోటీన్ల మీదే. కాబట్టి వాటిని తీసేయడమే తయారీలో అసలు పని. సన్న రంధ్రాలుండే లోపలి ఎముకను కోసి, మజ్జ కడిగి, రసాయనాలతో కొవ్వు లాగేస్తారు. తర్వాత కొన్ని రకాలను క్షారంతో శుద్ధి చేసి 300 డిగ్రీల దగ్గర వేడి చేస్తారు, కొన్నింటిని 1,200 డిగ్రీలు దాటించి కాలుస్తారు. ఎక్కువ కాలిస్తే ప్రోటీన్ పూర్తిగా పోతుంది, కానీ ఖనిజం గట్టిపడి ఏళ్ల తరబడి కరగదు. చివర స్టెరిలైజ్ చేస్తారు. ఇంట్లో పాయా ఎన్ని విజిల్స్ ఉడికించినా ఈ శుద్ధి రాదు. పశువులకు మ్యాడ్ కౌ వ్యాధి తెచ్చే ప్రియాన్లు అనే చెడిపోయిన ప్రోటీన్లు మామూలు మరుగుకు చావవు. అందుకే ఆ ముప్పు తక్కువున్న దేశాల పశువులనే ఎంచుకుంటారు. ముప్పు సున్నా అని ఏ డాక్టరూ రాసివ్వలేడు గానీ, చాలా చాలా తక్కువ.

నన్నడిగితే మీరు భయపడాల్సింది షుగర్‌కి. ఆ పొడి సొంతంగా ఎముకను పుట్టించదు, ఆసరాగా నిలబడుతుందంతే. దాని రంధ్రాల్లోకి మీ రక్తనాళాలు, మీ కణాలు పాకి కొత్త ఎముక కట్టాలి. దానికి నెలలు పడుతుంది. షుగర్ అదుపు తప్పినా, సిగరెట్, గుట్కా ఉన్నా ఆ పని కుంటుపడుతుంది. ముందు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి.

పట్టింపు ఉందని చెప్పడానికి మొహమాటపడకండి. మీ గడ్డం దగ్గరో, కింది దవడ వెనకో కొంచెం ఎముక తీసి పెట్టొచ్చు, కాకపోతే ఇంకోచోట కోత పడుతుంది. ల్యాబ్‌లో తయారైన కాల్షియం ఫాస్ఫేట్ పొడులూ ఉన్నాయి. వాటిలో కొన్ని త్వరగా కరుగుతాయి కాబట్టి మీకు ఏది సరిపోతుందో డెంటిస్టే స్కాన్ చూసి చెప్పాలి. చాలామంది అడగడం మరిచే విషయం ఒకటుంది. పొడి మార్చినా, దానిపై కప్పే కొల్లాజెన్ పొర పందిదో పశువుదో అయి ఉండొచ్చు. దాని గురించీ సర్జరీకి ముందే అడగండి. డబ్బా మీది లాట్ నంబర్ స్టిక్కర్ మీ ఫైల్లో అంటించమనండి.