రేటు ఖరారు చేసేటప్పుడు చిన్న ఫ్యాక్టరీవాళ్లను అడగాలని చట్టంలో ఉందా?

ప్రశ్న: చిత్తూరు దగ్గర మాకు చిన్న మామిడి పల్ప్ యూనిట్ ఉంది. సీజన్‌లో ముప్పై మందికి పని ఇస్తాం. 2025 సీజన్‌లో తోతాపురి కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చి రైతుకు 12 అందేలా నిర్ణయించారు. రైతుకు రావడం మంచిదే, కాదనను. కానీ ఆ మాటలప్పుడు పెద్ద ఫ్యాక్టరీలవాళ్లే ఉన్నారు, మాలాంటివాళ్లను పిలవలేదు. జీఎస్టీ అయినా, విదేశీ ఒప్పందాలైనా ఇదే వరస. ప్రభుత్వంలో చిన్నవాళ్ల తరఫున మాట్లాడేదెవరు? మమ్మల్ని అడక్కుండా తీసుకున్న నిర్ణయం మీద హైకోర్టుకు వెళ్లొచ్చా? ఇంకోటి, మేం ఒక ఎక్స్‌పోర్టరుకు ఇచ్చిన సరకు డబ్బు ఆరు నెలలైనా రాలేదు. దారి చెప్పగలరు.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీ ఉత్తరంలో రెండు బాధలున్నాయి. మిమ్మల్ని అడగలేదన్నది ఒకటి, మీ డబ్బు రాలేదన్నది రెండోది. రెండోదానికి చట్టం గట్టిగా ఉంది, దాని సంగతి చివర్లో చెబుతాను. మొదటిదానికి సూటిగా చెప్పాలంటే, ప్రతి నిర్ణయానికీ ముందు మిమ్మల్ని పిలిచి అడగాలన్న హక్కు మీకు లేదు. కొన్నింటికి మాత్రం ఉంది. ఏవి ఏవో తెలియక మనవాళ్లు హక్కు లేనిచోట కోర్టు ఖర్చులు పెట్టుకుంటున్నారు, ఉన్నచోట నోరు తెరవడం లేదు. ఈ రెండోదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ముందు ఆ కిలో రేటు. ధర నిర్ణయించడం శాసనం చేయడం లాంటి పని అని, అందరికీ వర్తించే అలాంటి నిర్ణయానికి ముందు ఒక్కొక్కరి వాదన వినాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 1987లో సయనమైడ్ ఇండియా కేసులో చెప్పింది. చట్టమే 'సంప్రదించాలి' అని రాసి ఉంటే తప్ప, పిలవలేదన్న ఒక్క కారణం మీద కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేయదు. కాబట్టి 'మమ్మల్ని పిలవలేదు' అన్న ఒక్క మాటతో రిట్ వేయకండి, నిలవదు.

నిలిచే ప్రశ్న వేరే ఉంది. ఆ 8 రూపాయలు మీరు ఇచ్చి తీరాలని చెప్పిన కాగితం ఏది? జీవోనా, కలెక్టర్ ఉత్తర్వా, లేక మీటింగ్ మినిట్సా? ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద ఇచ్చారు? వెనక చట్టమే లేని ఆదేశమైతే అది మీ మీద బాధ్యత పెట్టలేదు. రాజ్యాంగం 19(1)(జి) కింద వ్యాపారం మీ హక్కు, దానికి పరిమితి పెట్టాలంటే చట్టం ఉండాలి. అందుకని ముందు సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. జిల్లా స్థాయిలో 10 రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఉత్తర్వు నకలు, మినిట్స్, హాజరు పట్టీ, మూడూ అడగండి. ఆ హాజరు పట్టీలో మీ తరఫున ఎవరు సంతకం పెట్టారో చూస్తే సగం సంగతి అక్కడే తెలుస్తుంది. మీరు సభ్యులుగా ఉన్న సంఘమే వెళ్లి ఒప్పుకుని వచ్చి ఉండొచ్చు.

ఇదే సీజన్‌లో కర్ణాటక తోతాపురిని మన జిల్లాలోకి రానివ్వకుండా ఆపడం మీకు గుర్తుండే ఉంటుంది. మన రైతును కాపాడుకోవాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కానీ రాజ్యాంగం 301వ అధికరణ దేశమంతా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలంటుంది. రాష్ట్రం దానికి అడ్డు పెట్టాలంటే 304(బి) కింద సహేతుకమైన చట్టం కావాలి, ఆ బిల్లుకు ముందుగా రాష్ట్రపతి అనుమతి కావాలి. శ్రీనివాసపురం మండీ నుంచి కాయ కొనే చిన్న ఫ్యాక్టరీకి ఆ రోజు కాయ దొరకలేదు. ప్రభుత్వం ఒకరి పక్షాన నిలబడినప్పుడు ఆ బరువు ఇంకొకరి మీద పడుతుంది. ఆ ఇంకొకరు మీరైతే, మీ నష్టాన్ని లెక్కకట్టి ముందే కాగితం మీద పెట్టి ఉండాలి.

జీఎస్టీ విషయం వేరు. రేట్లను సిఫారసు చేసేది 279ఎ అధికరణ కింద ఏర్పడ్డ జీఎస్టీ కౌన్సిల్. అందులో కేంద్రానికి మూడో వంతు ఓటు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు. నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే మన తరఫున అక్కడ కూర్చునేది రాష్ట్ర మంత్రే, మీ సంఘం కాదు. మీరు చేరాల్సింది ఆయన ముందు ఉండే ఫైల్లోకి. 12 శాతం ఉన్న పల్ప్ జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి దిగింది, మీకు తెలుసు. అది కోర్టు తీర్పుతో రాలేదు, అడిగినందువల్ల వచ్చింది. కౌన్సిల్ సిఫారసులు ప్రభుత్వాలకు శిరోధార్యం కావని 2022లో మోహిత్ మినరల్స్ కేసులో సుప్రీంకోర్టు అన్నది కూడా. అయినా రేటు ఎంతుండాలో కోర్టు చెప్పదు.

విదేశీ ఒప్పందాల దగ్గర మీ చేయి ఇంకా దూరం. విదేశీ వాణిజ్యం పూర్తిగా కేంద్ర జాబితాలోది, రాష్ట్రం లేఖ రాయగలదు, అంతే. 2022 మేలో అమల్లోకి వచ్చిన యూఏఈ ఒప్పందంలోనూ, 2025 జులై 24న సంతకమైన బ్రిటన్ ఒప్పందంలోనూ చిన్న, మధ్యతరహా సంస్థల కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయం పెట్టారు. చదివితే సమాచారం పంచుకుంటాం, సహకరించుకుంటాం అన్న ధోరణిలోనే ఉంటుంది. దాన్ని పట్టుకుని మన కోర్టులో ఎవరి మీదా దావా వేయలేరు, అది రెండు ప్రభుత్వాల మధ్య మాట. మీకు పనికొచ్చేది అపెడా, అంటే వ్యవసాయ, ఆహార ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ. 1985 నాటి చట్టంతో ఏర్పడ్డ ఆ సంస్థ పరిధిలో పండ్ల ఉత్పత్తులున్నాయి, దాని బోర్డులో ఆ పరిశ్రమ ప్రతినిధులకు సీట్లున్నాయి. మీరు సొంతంగా ఎగుమతి చేయకపోయినా, మీ సంఘం పేరుతో అక్కడికి రాయొచ్చు. ఏ దేశంలో మన పల్ప్‌కు ఎంత సుంకం పడుతోంది, ఏ టెస్టు రిపోర్టు దగ్గర కంటెయినర్ ఆగిపోతోంది అన్నది ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు మీరు చెబితేనే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు మీకు హక్కు ఉన్నచోటికి వద్దాం. పోయినేడు మీలాంటి ఓ యూనిట్ యజమాని నా దగ్గరికి వచ్చాడు, చేతిలో కరెంటు బిల్లుల కట్ట, రబ్బరు బ్యాండు వేసి ఉంది. ఒక్కో బిల్లూ టేబుల్ మీద పరిచాం. జూన్, జులై బిల్లులు పెద్దవి, అది సహజం. నవంబరు బిల్లు చూపించి 'సార్, ఈ నెల బాయిలర్ వెలిగించలేదు, వాచ్‌మన్ లైటు ఒక్కటే వెలిగింది' అన్నాడు. బిల్లులో యూనిట్ల గడి దాదాపు ఖాళీ, డిమాండ్ చార్జీ గడిలో మాత్రం వేలల్లో అంకె. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌కు వాడినా వాడకపోయినా కాంట్రాక్ట్ డిమాండ్‌లో, అంటే మనం ఒప్పందంలో రాసిచ్చిన గరిష్ఠ లోడులో, 80 శాతానికి చార్జీ పడుతుంది. సీజనల్ పరిశ్రమగా ఎంచుకుంటే ఆఫ్ సీజన్‌లో తగ్గే వెసులుబాటు టారిఫ్ ఆర్డర్లో ఉంది, కానీ దానికి ముందే అర్జీ పెట్టుకుని మన ఆఫ్ సీజన్ నెలలు ఏవో చెప్పాలి. ఆయన పెట్టలేదు. ఎవరూ చెప్పలేదన్నాడు.

ఈ టారిఫ్ ఎలా వస్తుందో చూడండి. విద్యుత్ చట్టం, 2003లోని 64వ సెక్షన్ ప్రకారం డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) తన ప్రతిపాదనను బహిరంగంగా ప్రచురించాలి. ప్రజల నుంచి వచ్చిన సూచనలు, అభ్యంతరాలు అన్నీ పరిశీలించాకే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ ఆర్డరు ఇవ్వాలి. 'పరిశీలించాలి' అన్నది ఇక్కడ దయ కాదు, చట్టం పెట్టిన విధి. మీరిచ్చిన అభ్యంతరానికి ఆర్డరులో జవాబు లేకపోతే 111వ సెక్షన్ కింద అప్పీలుకు అది బలమైన కారణం. మన దక్షిణ డిస్కం కేంద్ర కార్యాలయం ఎక్కడో లేదు, తిరుపతిలోనే ఉంది. చలికాలం మొదట్లో ప్రతిపాదనలు పేపర్లో పడతాయి. సరిగ్గా అప్పుడు మన ఫ్యాక్టరీలు మూతపడి ఉంటాయి, ఎవరూ పేపరు చూడరు. పెద్ద కంపెనీలకు ఆ పని చూసే మనిషి జీతం మీద ఉంటాడు. మీలాంటి పది యూనిట్లవాళ్లూ కలిసి ఒక మనిషిని పెట్టుకోండి, అంతకంటే ఖర్చేమీ లేదు.

కేంద్ర మంత్రిత్వ శాఖలు కొత్త చట్టాల ముసాయిదాను ముప్పై రోజులు ప్రజల ముందు పెట్టాలని 2014లో ఒక విధానం తెచ్చారు. అది చట్టం కాదు, పాటించకపోతే కోర్టులో గెలవడం కష్టం. పెట్టినప్పుడు మాత్రం జవాబు పంపండి. ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం, 2006 కింద జాతీయ బోర్డు ఒకటుంది, అందులో సూక్ష్మ సంస్థల సంఘాల నుంచి ముగ్గురికి తగ్గకుండా ఉండాలని చట్టమే చెబుతోంది. జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన పరిశ్రమలు, ఎగుమతుల ప్రోత్సాహక కమిటీ కూర్చుంటుంది. దానికి మీ సమస్యను ఎజెండాలో పెట్టమని జిల్లా పరిశ్రమల కేంద్రం జీఎంకు రాసి, మీ నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర చాలా ముఖ్యం. మీ అర్జీకి జవాబే రాకపోతే, ఫలానా వారాల్లో దాన్ని పరిష్కరించండని హైకోర్టు నుంచి ఆదేశం తెచ్చుకోవచ్చు.

అయితే ఆ అర్జీలో ఏముందన్నదే అసలు సంగతి. నేను చూసే అర్జీల్లో ఎక్కువ భాగం 'మా కష్టాలు గమనించి ఆదుకోగలరు' అని ఒక పేజీ. దాని మీద ఏ అధికారి మాత్రం ఏం రాస్తాడు? 'పరిశీలించి చర్య తీసుకోండి' అని కింది ఆఫీసుకు పంపుతాడు. అది అక్కడితో ఆగుతుంది. కిలో పల్ప్‌కు దాదాపు రెండు కిలోల కాయ పడుతుందని మీకు తెలుసు, ఆ కుర్చీలోని మనిషికి తెలియదు. కాయకు ఇంత, కూలికి ఇంత, డ్రమ్ముకు ఇంత, కరెంటుకు ఇంత, చివరికి ఎక్స్‌పోర్టరు ఇచ్చే రేటు ఇంత అని పట్టిక వేయండి. పోయిన ఏడాది నిల్వ ఎన్ని డ్రమ్ములు గోడౌన్లో ఉందో రాయండి. 8 రూపాయలకు మీరు కాయ కొంటే ఎంత పోతుందో అందులోనే కనబడాలి. అడిగేది ఒక్కటే అడగండి, 'చిన్న యూనిట్లకు చెల్లింపు గడువు తొంభై రోజులు ఇవ్వండి' లాంటిది. పది అడిగితే ఒక్కటీ జరగదు.

ఇక మీ ఆరు నెలల బాకీ. ఇక్కడ ఎవరినీ బతిమాలక్కర్లేదు. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే ఈ సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు, ఉందా? 2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ సంస్థ అంటే పెట్టుబడి రెండున్నర కోట్ల లోపు, టర్నోవర్ 10 కోట్ల లోపు. చిన్న సంస్థ అంటే 25 కోట్లు, 100 కోట్ల లోపు. మీరు ఇందులో వస్తారు. 2006 చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా సరకు తీసుకున్న 45 రోజులకు మించి గడువు చెల్లదు. దాటితే 16వ సెక్షన్ కింద రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు 5.5 శాతం అనుకుంటే 16.5 శాతం. 18వ సెక్షన్ కింద ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్లోనే దరఖాస్తు పెట్టొచ్చు. ముందు రాజీకి చూస్తారు, కుదరకపోతే ఆర్బిట్రేషన్. తీర్పు మీకు అనుకూలంగా వచ్చాక ఎదుటివాళ్లు దాన్ని సవాలు చేయాలంటే 75 శాతం డబ్బు ముందు కట్టాలి. ఎక్స్‌పోర్టర్లు ఎక్కువగా దిగివచ్చేది ఆ 75 శాతం దగ్గరే. పైగా గడువులో కట్టని బాకీని ఆ సంవత్సరం ఖర్చుగా చూపించుకునే వీలు కూడా వాళ్లకు 2023-24 నుంచి పోయింది, ఆ మాట మీ నోటీసులో రాయండి.

ఒక జాగ్రత్త. సరకు పంపే నాటికే రిజిస్ట్రేషన్ ఉండాలని సుప్రీంకోర్టు 2021, 2022 తీర్పుల్లో చెప్పింది. 2025లో ఈ అంశాన్ని పెద్ద ధర్మాసనానికి పంపారు. ఆ తీర్పు మీకు అనుకూలంగా వస్తుందని కూర్చోవద్దు. మీ ఉద్యమ్ సర్టిఫికెట్ తేదీ, మొదటి ఇన్‌వాయిస్ తేదీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. సర్టిఫికెట్ ముందుదైతే ఇన్‌వాయిస్‌లు, ఈ-వే బిల్లులు, డ్రమ్ములు దించుకున్నట్టు వాళ్ల గోడౌన్లో సంతకం చేసిన చలానాలు తీసుకుని ఈ వారంలోనే దరఖాస్తు పెట్టండి. వెనకదైతే దరఖాస్తు పెట్టేముందు ఆ కాగితాలతో ఒకసారి న్యాయవాదిని కలవండి. బాకీ మీద మామూలు సివిల్ దావాకు మూడేళ్ల గడువుంది, ఆ దారి ఎటూ మూసుకుపోలేదు.